బంద్ నాడు షబ్నం

ఎవాంజెలిన్‌కు నలభై దాటాక గుర్రపుస్వారీ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఆమెది పశ్చిమగోదావరి జిల్లా నర్సాపురం. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. పెళ్లి చేసుకోలేదు. తోడుగా ఉన్న తల్లి మార్తమ్మ కిందటేడు పోయాక అద్దె ఇంట్లో ఒక్కతే మిగిలింది. గోపన్‌పల్లి దారిలో గుర్రాల బొమ్మ వేసిన బోర్డు ఒకటి ఆఫీసు బస్సులోంచి రోజూ కనబడేది. ఒక శనివారం వెళ్లి చేరిపోయింది.

నేర్పే మనిషి లింగమూర్తి, ఆ ఊరివాడే. నెమ్మదైనదని షబ్నం అనే ముసలి ఆడగుర్రాన్ని ఆమెకు ఇచ్చాడు.

"నేల దిక్కు సూడకుండ్రి మేడం. దాని చెవుల నడుమకెల్లి ముందుకు సూడుండ్రి."

ఆయన చెప్పినవన్నీ ఆమె ఇంటికి వెళ్లేలోపే మరిచిపోయింది. షబ్నం మెడ మీద చెయ్యి వేసినప్పుడు అరచేతికి తగిలిన వేడి మాత్రం గుర్తుండిపోయింది. అమ్మ పోయాక ఒక ప్రాణిని అలా తాకడం అదే మొదలు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉంది. ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరి బల్లలు వాళ్లవైపోయాయి. తెలంగాణ వాళ్ల బల్ల దగ్గరికి ఆమె వెళ్తే మాటలు ఆగిపోయేవి. కోస్తా వాళ్ల బల్ల దగ్గర వెటకారాలు వినబుద్ధయ్యేది కాదు. చివరికి తన సీట్లోనే కూర్చుని డబ్బా తెరుచుకునేది. అండీ అన్న మాట నోట్లోంచి వస్తుందేమోనని ఆటోవాళ్లతో కూడా తక్కువ మాట్లాడేది.

సకల జనుల సమ్మె రోజుల్లో ఒక శనివారం బంద్ అన్నారు. రోడ్లు మూసేలోపే ఆమె స్కూటీ మీద గోపన్‌పల్లి చేరుకుంది. ఆ రోజు షబ్నం నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మెడ వెనక్కి తిప్పి తన కడుపు వైపే చూసుకుంది. ముందుకాలితో నేలను గీరింది. జీను కింద చెమటలు పట్టాయి.

"దిగుండ్రి మేడం, జల్ది!" లింగమూర్తి పరుగున వచ్చి జీను విప్పాడు. షబ్నం పొట్టకు చెవి ఆనించి విన్నాడు. "కడుపునొప్పి. పండుకోనియ్యొద్దు. పొర్లిందంటే పేగు మెలివడ్తది."

పశువుల డాక్టరు ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. ఆయన బయల్దేరాడు గానీ నల్లగండ్ల దగ్గర బంద్ చేసేవాళ్లు ఆపేశారట. లింగమూర్తి పగ్గం పట్టుకుని గుర్రాన్ని నడిపిస్తూనే ఉన్నాడు. వదిలిపెట్టి పోయే వీల్లేదు. అక్కడ ఇంకెవరూ లేరు.

"నేను వెళ్తాను," అంది ఎవాంజెలిన్.

నల్లగండ్ల దగ్గర రోడ్డుకడ్డంగా తాడు కట్టి ఉంది. నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రాళ్ల పొయ్యి మీద పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. తాడుకు అవతల బైకు మీద మందుల పెట్టెతో డాక్టరు.

ఆమె నోరు విప్పింది. "గుర్రానికి బాగాలేదండి. డాక్టరు గార్ని వదలండి, దయచేసి."

తాడు పట్టుకున్న ఒకతను ఆమెను ఎగాదిగా చూశాడు. "మా పిల్లలు పానాలు తీసుకుంటున్నరు. గప్పుడు ఎన్నడన్న రోడ్డు మీదికొచ్చినవా అమ్మా? గుర్రానికి మాత్రం తొవ్వ గావాలె."

అతను అన్నది అబద్ధం కాదు. ఆ వార్తలు వచ్చినప్పుడల్లా ఆమె టీవీ కట్టేసేది.

అన్నం కలుపుతున్న యాదమ్మ అనే పెద్దావిడ గరిటె పక్కన పెట్టి లేచింది.

"లద్దె ఏసిందా బిడ్డా?"

"పొద్దుట్నుంచి వెయ్యలేదండి. కడుపు వైపే చూసుకుంటోంది."

"నా బర్రె గిట్లనే సచ్చింది. పొద్దు గూకేదాంక గూడ ఆగలే." తాడు దగ్గరికి నడిచి తనే ముడి విప్పింది. "పో బిడ్డా, డాక్టర్ను తోలుకపో."

తాడు పట్టుకున్నతను ముఖం తిప్పుకున్నాడు గానీ అడ్డు రాలేదు.

డాక్టరు సూది వేశాడు. ముక్కులోంచి గొట్టం దింపి నూనె పోశాడు. తర్వాత లింగమూర్తీ ఎవాంజెలినూ వంతులవారీగా నడిపించారు. ఎండ దిగుతుండగా షబ్నం తోక ఎత్తి లద్దె వేసింది. లింగమూర్తి అక్కడే కూలబడి, తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. ఆమె షబ్నం మెడకు నుదురు ఆనించి చాలాసేపు నిలబడింది.

ఇంటికి వచ్చాక ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ చూసింది. ఎవరికి చేసినా మొదట బంద్ గురించి అడుగుతారు, ఆ తర్వాత గుర్రమేమిటంటారు. పెట్టేసింది.

వయసు మీద పడిందనీ, ఇక జీను వెయ్యొద్దనీ డాక్టరు చెప్పాడు. మరో గుర్రం ఇస్తానన్నాడు లింగమూర్తి. ఆమె వద్దంది.

తర్వాతి శనివారాల్లో కూడా వస్తూనే ఉంది. మిగతావాళ్లు గుర్రాలెక్కి చుట్లు తిరుగుతుంటే, ఆమె షబ్నం పగ్గం పట్టుకుని కంచె వెంబడి నడిచేది. గడ్డి కనబడితే అది ఆగేది, ఆమె కూడా ఆగేది. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు కాబట్టి తొందరేం ఉండేది కాదు.