పెద్దత్త కళ్ళు మూసుకుంటే

మా పెద్దత్త మొన్న పోయింది. కబురు ఆమె సవతే పంపింది. ఆఖరి రోజుల్లో అత్త ఉన్నది ఆ ఇంట్లోనే. మీరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు, మేమూ వేసుకున్నవాళ్ళమే.

ఆమె మా నాన్నకు అక్క. పిల్లలు లేరని మామయ్య రెండో పెళ్ళి చేసుకుంటే, ట్రంకుపెట్టె సర్దుకుని మా ఇంటికొచ్చేసింది. నాగార్జునకొండ తవ్వకాలు జరుగుతున్న రోజుల్లో, కృష్ణ స్నానానికని అమరావతి వెళ్ళి, అక్కడ బస చేసిన ఒక తెలుగు బౌద్ధ భిక్షువు దగ్గర ధ్యానం నేర్చుకొచ్చింది. పొద్దున్నే కళ్ళు మూసుకుని వచ్చేపోయే ఊపిరిని గమనించాలి. తరవాత తనవాళ్ళు, పరాయివాళ్ళు, చివరికి పగవాళ్ళు కూడా చల్లగా ఉండాలని కోరుకోవాలి.

మా నాయనమ్మకు ఇవన్నీ ఏం తెలుసు? కూతురు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే గాలి సోకిందనుకుని, గుప్పెడు ఎండుమిరపకాయలు దిగదుడిచి కుంపట్లో వేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఆ రోజు వచ్చిన ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతూ వీధిలో పడ్డాం. అత్త కదల్లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తాపీగా అంది: "ఊపిరి ఎందాకా పోతోందో ఇన్నాళ్ళూ సరిగ్గా తెలిసేది కాదమ్మా. ఇవాళ బాగా తెలిసింది."

కానీ సవతి దగ్గరికొచ్చేసరికి ఆమె ధ్యానం ఆగిపోయేది. "ఊరందరికీ మంచి కోరతానే. దాని దగ్గరికొచ్చేసరికి మనసు రాదు. దానికి మంచి కోరలేనప్పుడు ఈ కూర్చోవడం దేనికి, దొంగ దణ్ణం కాకపోతే?" అని నా దగ్గర బాధపడేది. నిజంగానే బాధపడేది పాపం.

పత్తి తీతల రోజుల్లో ఒక పొద్దున మామయ్య ఊరి నుంచి మనిషొచ్చాడు. సవతికి కాన్పు కష్టమైంది, మంత్రసాని చేతులెత్తేసింది, ఆ పిల్ల "అక్కని పిలవండి" అని ఏడుస్తోందట.

"నువ్వెళ్ళక్కర్లేదక్కా," అన్నాడు నాన్న. అత్త అప్పటికే బండెక్కింది. నేనూ వెంట వెళ్ళాను.

వెళ్ళగానే అత్త ఆ పిల్లని వెనకనుంచి ఒళ్ళోకి ఆనించుకుని కూర్చుంది. "బెదరకమ్మా. ఊపిరి చూడు. వస్తోంది, పోతోంది. అదొక్కటే చూడు." మధ్యాహ్నమంతా అదే మాట. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది.

తిరిగొచ్చేటప్పుడు పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేల బండి దొరికింది. "పగ పోయిందా అత్తా?" అని అడిగాను.

"ఏమోనే. అది నా సవతన్న సంగతే గుర్తు రాలా. నొప్పులు పడుతున్న పిల్ల కనపడింది, అంతే."

అలా అంటూనే బోరేల మీద నిద్రపోయింది. జుట్టునిండా పత్తి పింజలు. ముంజేతుల మీద నొప్పుల్లో ఆ పిల్ల గోళ్ళు దిగిన గాట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. నిద్రలో కూడా ఆ రెండు చేతులూ ఎవరినో పొదివి పట్టుకున్నట్టే ఉన్నాయి.