అవ్వ ఉండిన జామీను

మొన్న సాయంత్రం పక్కింట్లో అద్దెకున్న పిల్ల వానలో తడిసి వచ్చి, నర్సింగు చదువుకు బ్యాంకు అప్పు కావాలనీ, జామీను సంతకం పెట్టేవాళ్లు ఎవరూ దొరకలేదనీ గడపలో నిలబడి చెబుతుంటే, ఆమె మాటల కన్నా ముందు ఆమె ఉన్ని స్వెట్టరు తడి వాసన నన్ను తాకింది. అచ్చం తడిసిన కంబళి వాసన. అది తగిలిందంటే నేను కంబదూరు దగ్గరి మా పాత ఇంటి పంచలో, గౌను వేసుకుని కూర్చున్నట్టే.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఎవరినీ నమ్మేది కాదు. కొన్న చింతపండును ఇంటికి తెచ్చి మళ్లీ తూకం వేసేది, నెయ్యి అమ్మవచ్చినవాడి కుండలో వేలు ముంచి వాసన చూసి, వాడి మొహం చూసి, మళ్లీ వాసన చూసేది, ఉగాదికి చేసిన పూర్ణం ఓళిగలను ఉట్టి మీద పెట్టి ఆ ఉట్టి కిందనే పడుకునేది. పడమట మబ్బు కమ్ముకొచ్చినా "దీని యేసాలు నాకు తెల్దా" అంటూ, ఎండబోసిన కొర్రలను లోపలికి తీయనిచ్చేది కాదు. ఆ గుణం పిల్లలకూ అంటుకుంది. ఆటలో గచ్చకాయలు అప్పివ్వాలన్నా ఇంకొక పిల్లను జామీను ఉండమనేవాళ్లం. పూచీ, హామీ అనేవి బడి పుస్తకాల్లో మాటలు. మా ఊళ్లో అనేది జామీనే, అదీ గొంతు తగ్గించి.

ఒక ఏడు శనక్కాయ చేలు మొలకే ఎత్తలేదు. గడ్డివాములు అయిపోయాయి, కొట్టాల మీద కప్పిన బోద గడ్డిని పీకి పశువులకు వేశారు, మా బూడిద రంగు ఆవు లేచి నిలబడాలంటే నాయన తోక పట్టి ఎత్తాల్సి వచ్చేది. అప్పుడు గుమ్మఘట్ట దిక్కు నుంచి తిప్పయ్య అనే మనిషి వచ్చి, ఊరి పశువులన్నిటినీ తుంగభద్ర కాలవ కింది బీళ్లకు తోలుకుపోయి మేపుతాననీ, వానలు పడ్డాక తెచ్చి అప్పజెబుతాననీ అన్నాడు. ముక్కూ మొహం తెలియనివాడు. చావిడి ముందు పెద్దలు ఒక్కటే మాట చెప్పారు: ఎవరైనా జామీను ఉంటేనే తోలిస్తాం, పశువులు తిరిగి రాకపోతే జామీను ఉన్నవాళ్ల చేను ఊరికి పోతుంది. అందరూ తలలు దించుకున్నారు.

అవ్వ లేచి అతని చుట్టూ తిరిగింది. భుజం మీది కంబళి కొస పట్టి వాసన చూసింది.

"ఏమప్పా, కట్టుకున్నదాన్ని యాడ ఇడిసిపెట్టి వచ్చినావు?"

"మా ఊర్లోనే ఉండాది, అవ్వా."

"నిజమేనా?"

"నిజమే."

అవ్వ కంబళి కొస వదిలి పెద్దల వైపు తిరిగింది. "నేనుండా జామీను" అంది.

మాకున్నది ఆ ఒక్క చేనే. నాయన ఆ పూట అన్నం ముట్టలేదు. తిప్పయ్య అవ్వకు చాటుగా ఏదో ముట్టజెప్పాడని కొందరు, ఏదో పాత చుట్టరికం ఉందని కొందరు గుసగుసలాడారు. నేనూ తక్కువ తినలేదు, అవ్వ లేని సమయం చూసి ఆమె పెట్టె వెతికాను. ఎండిన వక్కలు, పాత రవికెలు తప్ప ఏమీ లేవు. అయినా నాకు అనుమానం పోలేదు.

వానలు పడ్డాయి. తిప్పయ్య రాలేదు. దున్నుదామంటే ఎద్దులు కూడా అతని వెంటే పోయాయి. పక్క చేను ఆసామి మా గట్టు మీద నిలబడి మా మట్టిని చేత్తో నలిపి చూసుకుని పోయేవాడు. గచ్చకాయలకే ఇన్ని ఆరాలు తీస్తామే, చేనుకు ఈ ముసల్ది ఎట్లా ఒప్పుకుందని నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి ఒక సాయంత్రం, జోరువానలో, వీధి నిండా గిట్టల చప్పుడు. పశువులన్నీ ఒళ్లు చేసి నిగనిగలాడుతూ వచ్చాయి. మా ఆవు మాత్రం లేదు. తిప్పయ్య పంచలోకి వచ్చి తడిసిన కంబళి విప్పి, అందులో చుట్టిన తోలు ముక్కను అవ్వ ముందు పరిచాడు. దారిలో పశువు చస్తే, సొంతదారు గుర్తుగా వేసిన వాత ఉన్న తోలు ముక్కను తెచ్చి చూపడం మేపేవాళ్ల ఆనవాయితీ.

"పోయేటప్పుడే పడిపాయ, అవ్వా. లేపలేకపోతి."

"అమ్ముకొని ఇంకోదాని తోలు తెచ్చినాడు" అన్నాడు నాయన.

అవ్వ తోలంతా తడిమి, వాసన చూసి, వాత దగ్గర వేలు ఆపింది. "మనదే" అని చెరగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. తర్వాత తిప్పయ్యకు సంగటి పెట్టింది, అతను తింటుండగానే నాయనను పంపి ఊరి పశువులను మళ్లీ లెక్క పెట్టించింది.

మరునాడు అడిగాను, వాణ్ణి ఎట్లా నమ్మితివని.

"ఎవురు నమ్మినారే వాణ్ణి? ఈడ కట్టేసుకోనుంటే అన్నీ చచ్చిపోతాండె. ఎవురో ఒకరు ఊఁ అనాల కదా. నమ్మేటట్లుంటే జామీను ఎందుకే?"

ఇప్పుడు ఆ బీళ్లు లేవు, పశువులను తోలుకుపోయే తిప్పయ్యలు లేరు, మా చేనులో గాలిమర తిరుగుతోంది. జామీనుకు మనిషి చుట్టూ తిరిగి వాసన చూడనక్కర్లేదు, కార్డు మీది నంబరు చెబితే చాలు. నిన్న బ్యాంకులో ఆఫీసరు ఆ పిల్లనూ నన్నూ మార్చి మార్చి చూసి, "మీకేమవుతుందమ్మా? నమ్మకమైన పిల్లేనా?" అని అడిగాడు.

"ఏమీ కాదు. నమ్మకం సంగతి నాకు తెలీదు" అన్నాను. కళ్లజోడు సర్దుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాను.