జీపుకి లారీ కమాన్లు

ఒక మనిషి సొంత తెలివితేటలతో, కంప్యూటర్ సాయం కూడా తీసుకుని, ఎదుటివాడి ఇంట్లో పెళ్లిని ఎంత ప్రమాదపు అంచుదాకా తీసుకెళ్లగలడో తెలుసుకోవాలని ఉందా? అయితే కాస్త సర్దుకుని కూర్చోండి. ఆ మనిషిని నేనే. పెళ్లి మాత్రం నాది కాదు. నాదే అయివుంటే ఇంత నవ్వుతూ చెప్పేవాణ్ణి కాదు.

తొంభైల చివరి సంగతి. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ అప్పుడప్పుడే లేచింది. దాని చుట్టూ బండరాళ్లు, బండరాళ్ల మధ్య మేకలు, మేకల మధ్య మెడలో ఐడీ కార్డులు వేసుకున్న మేము. నేను తణుకు నుంచి వచ్చి ఏడాదిన్నర అయింది. తోటివాళ్లంతా బుద్ధిగా మోటార్ సైకిళ్లు కొనుక్కుంటే, నేను వేలంలో ఓ పాత మిలిటరీ జీపు కొన్నాను. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి. ఊరుకున్నానా? దానికి ట్రాక్టరు సైజు టైర్లు వేయించి, జానెడు ఎత్తు లేపించాను. ఎక్కాలంటే ముందు రెండు చేతులతో పట్టుకుని, తర్వాత దేవుణ్ణి తలుచుకోవాలి.

ఎత్తు పెరిగింది గానీ కింద కమాన్ కట్టలు పాతవే. కమాన్ కట్టలంటే ఇరుసుకీ బండికీ మధ్య పొరలు పొరలుగా పేర్చిన ఇనప పట్టీలు. కుదుపుని మింగేది అవే. అవి అలిసిపోయాయేమో, మలుపు తిప్పినప్పుడల్లా జీపు తాగినవాడిలా పక్కకి ఒరిగేది. మంచి కట్టలు వేయించాలి. ఎన్ని పట్టీలు, ఎంత మందం? నానక్‌రామ్‌గూడలో షెడ్డు నడిపే మా మెకానిక్ యాదగిరి గారిని అడిగితే అరనిమిషంలో చెప్పేవాడు. కానీ నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదండీ! అడగడమా! ప్రోగ్రాం రాశాను. మూడు రోజులు ఆఫీసు పని ఆఫీసుకే వదిలేసి రాశాను. అంచుల్లో చిల్లులుండే పొడవాటి కాగితం మీద జవాబు టకటకా కొట్టుకుంటూ బయటికొచ్చింది. ఆ లెక్క ప్రకారం నా జీపుకి సరిపోయే కమాన్లు లారీవి.

"ఏంది సారూ గిది?" అన్నాడు యాదగిరి గారు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని.

"లెక్కండి. కంప్యూటర్ చెప్పింది."

"కంప్యూటర్ జీపుల కూసుంటదా సారూ? కూసునేది మీరు."

"మీకు తెలీదు యాదగిరి గారూ, ఇందులో దశాంశాలున్నాయి."

దశాంశాల మాట వినగానే ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పటాన్‌చెరు దాకా వెళ్లి, రాళ్లు మోసి మోసి విశ్రాంతి తీసుకుంటున్న ఓ లారీ కమాన్లు తెచ్చి, కొలతకి కోయించి బిగించాడు. బిగించాక ముందు బంపర్ మీద ఎక్కి నిలబడి ఎగిరాడు. జీపు వెంట్రుకంత కూడా దిగలేదు.

"చూసిండ్రా? మనిషెక్కితే బండి జర కూసోవాలె. గిది మొండికేసింది."

"అది దృఢత్వం అండి," అన్నాను.

ఆ దృఢత్వం ఎలాంటిదో మర్నాడే తెలిసింది. మాదాపూర్ రోడ్డు మీద గోలీకాయంత రాయి ఎక్కినా జీపు గాల్లోకి లేచేది. నేను దానికన్నా ఇంకాస్త పైకి లేచేవాణ్ణి. నేను కిందికి వచ్చే సమయానికి సీటు మళ్లీ పైకి వస్తూ ఉండేది. మేమిద్దరం కలుసుకున్న చోటు గురించి వివరంగా చెప్పను, ఆడవాళ్లు కూడా చదువుతారు. ఆఫీసులో నా పక్క సీటు సుబ్బారావు ఒక్కరోజు నాతో వచ్చాడు. "గురూ, ఇడ్లీలు తిని ఎక్కాను. కడుపులో మళ్లీ పిండి అయిపోయాయి," అని షేర్ ఆటో వైపు నడిచి వెళ్లిపోయాడు. వారం తిరిగేసరికి నా గర్వం కూడా నడుము పట్టుకుంది. యాదగిరి గారి దగ్గరికి వెళ్లి తల వంచుకున్నాను.

"మా బిడ్డ పెండ్లి కానీయుండ్రి సారూ, తెల్లారి పీకేద్దాం," అన్నాడు. అని, శుభలేఖ చేతిలో పెట్టాడు.

శ్రావణమాసం. పెళ్లినాడు పొద్దున్నుంచీ ఒకటే వాన. నానక్‌రామ్‌గూడలో వాళ్లింటి ముందు వెదురు గుంజలు పాతి, అడ్డవాసాలు కట్టి, పైన టార్పాలిన్ కప్పి పెద్ద పందిరి వేశారు. పదకొండున్నరకి ముహూర్తం. పదిన్నరకి సైకిల్ మీద ఓ మనిషి తడిసి ముద్దై వచ్చాడు. చందానగర్ నుంచి పెళ్లికొడుకు వాళ్ల బస్సు వాగు అవతలే ఆగిపోయిందట. నీళ్లు రోడ్డు మీదుగా పారుతున్నాయట. డ్రైవర్ తాళం జేబులో వేసుకుని బీడీ ముట్టించాడట. ఊళ్లో ఉన్న ఒక్క ట్రాక్టరూ పొలంలో దిగబడి ఉంది.

యాదగిరి గారి మొహం చూడలేకపోయాను. "రేపటి సంది మూఢం సారూ. ఈ ముహూర్తం తప్పితే మూడు నెలలు ఆగాలె. పెండ్లి ఆగిన పిల్లంటరు నా బిడ్డను," అన్నాడు. ఎప్పుడూ స్పానర్‌తో ఇనుముని బెదిరించే మనిషి, ఆ రోజు కండువా అంచు నలుపుతూ నిలబడ్డాడు.

"నా జీపుంది కదండీ. ఈ చుట్టుపక్కల దానంత ఎత్తు బండి ఇంకోటి లేదు," అన్నాను.

తలుపు చాటునుంచి పెళ్లికూతురు స్వప్న గొంతు వినిపించింది. "సారూ, జర పైలంగ తోలుండ్రి. ఆయనను తక్లీఫ్ చెయ్యకుండ్రి."

యాదగిరి గారూ నేనూ బయల్దేరాం. వాగు దగ్గర నా జీపుని మీరు చూసుంటే దిష్టి తీసేవారు. నీళ్లు మిగతా బండ్ల ఇంజన్లని ముంచేంత ఉన్నాయి. నా జీపుకి పాదాలు కడిగాయి, అంతే! అవతలి గట్టున పెళ్లివారంతా చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి ఊపాను. ఆ ఊపులోనే పెళ్లికొడుకు శ్రీనునీ, వాళ్లమ్మనీ ఎక్కించుకుని వెనక్కి తిప్పాను.

ఇరవై గజాలు కూడా పోలేదు. మొదటి గుంతకి శ్రీను నెత్తి టాపు చట్రానికి కొట్టుకుంది. రెండో గుంతకి బాసింగం గడ్డం కిందికి జారింది. మూడో గుంతకి వాళ్లమ్మ నా చొక్కా కాలర్ పట్టుకుంది.

"ఆపు! ఓ సారూ, ఆపు!" అంది. "నా కొడుకును పానంతోని తోల్కపోతవా, లేదా?"

"అన్నా, నేను దిగుత," అన్నాడు శ్రీను బాసింగం పైకి తోసుకుంటూ. "పెండ్లి మల్లెప్పుడన్న చేస్కుంట."

దిగేశాడు కూడా! గట్టు మీద నిలబడి ఇక ఎక్కనంటే ఎక్కనన్నాడు. పోనీ నడిచి దాటమంటే, పసుపు బట్టలతో పెళ్లికొడుకు వాగులో దిగకూడదని వాళ్లమ్మ పట్టు. టైము పదకొండు దాటింది. నా కంప్యూటర్నీ, నా దశాంశాల్నీ, నన్నూ వరసగా తిట్టుకున్నాను. ఒక ఆడపిల్ల పెళ్లి నా వెధవ గొప్పల వల్ల ఆగిపోతోందని ఏడుపొచ్చినంత పనైంది.

యాదగిరి గారు మాత్రం వంగి కమాన్ల వైపు చూస్తున్నాడు. తర్వాత లేచి, బస్సు పక్కన గొడుగులకింద నిలబడ్డ చుట్టాల వైపు చూశాడు. ఆయన మీసాల కింద నవ్వు కనబడింది.

"సారూ, మీ కాగితంల జీపు బరువు ఎంత రాసిండ్రు?"

చెప్పాను.

"ఒక్క చక్రం మీదనా, నాలుగిటి మీదనా?"

నోరు తెరిచాను. మూయడం మర్చిపోయాను. నాలుగు చక్రాలకీ పంచాల్సిన బరువుని, మహానుభావుణ్ణి, ఒక్కో చక్రం మీదా మొత్తంగా పెట్టేశాను! ఆ కమాన్లు నాలుగు జీపుల బరువు కోసం ఎదురుచూస్తున్నాయి పాపం. నేను వాటికి ఒక్క జీపునే పెడుతున్నాను.

"దీనికి ఆకలైతుంది. అంతే," అన్నాడు యాదగిరి గారు. చేతులు ఎత్తి బస్సు వైపు ఒక్క కేక పెట్టాడు. "ఇగ అందరు ఎక్కుండ్రి! సన్నగున్నోళ్లు తర్వాత, లావుగున్నోళ్లు ముందుగాల!"

జీవితంలో మొదటిసారి లావుపాటివాళ్లకి అంత మర్యాద దొరకడం చూశాను. శ్రీను మేనమామ వెంకటయ్య గారు ఎక్కగానే జీపు మొదటిసారి "కుయ్" మంది. అత్తలు ఎక్కారు, బాబాయిలు ఎక్కారు, బియ్యం మూటలు ఎక్కాయి, డప్పులతో సహా వాయించేవాళ్లు ఎక్కారు. బానెట్ మీద ముగ్గురు, మెట్ల మీద నలుగురు, వెనక తలుపుకి వేలాడుతూ ముగ్గురు. ఇరవై మంది దాకా లెక్కపెట్టి ఇక లెక్కలు నా వల్ల కాదని మానేశాను. ఒక్కొక్కరికీ జీపు కాస్త కాస్త కుంగి, చివరికి హాయిగా చతికిలబడింది.

బండి కదిలింది. గుంత వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు! మెత్తగా దిగి, మెత్తగా లేచింది. వాగు తోసినా ఆ బరువుకి ఇసుమంతైనా పక్కకి జరగలేదు.

"ఊయల లెక్కున్నది సారూ!" అంది శ్రీను వాళ్లమ్మ. వెంకటయ్య గారు గురక పెట్టాడు. డప్పులు మొదలయ్యాయి. ఆ క్షణంలో నాకు అనిపించింది చెప్పేస్తాను: నా ప్రోగ్రాం తప్పు కాదు, జనమే తక్కువ పడ్డారు!

ఊరి పొలిమేరలో ఎదుర్కోళ్లకి వచ్చిన ఆడవాళ్లు హారతి పళ్లెం పట్టుకుని జీపు వెంట పరిగెత్తారు. ముహూర్తానికి ఆరు నిమిషాలుంది. వానలో పెళ్లికొడుకు తడవకూడదని సరాసరి పందిరి కిందికే తోలేశాను. టాపు చట్రానికీ అడ్డవాసానికీ మధ్య వేలెడు సందు. ఎంత చక్కగా దూర్చానని నన్ను నేనే మెచ్చుకున్నాను. యాదగిరి గారు నన్ను కావలించుకున్నాడు. ఎవరో నా మెడలో దండ వేశారు. నేను వినయంగా చేతులు జోడించి జీపు పక్కన నిలబడ్డాను.

ఇక్కడే, పాఠకులారా, మీకు మాటిచ్చిన ప్రమాదం.

పెళ్లివారు బిలబిలా దిగడం మొదలుపెట్టారు. దిగినకొద్దీ జీపు లేస్తోంది. నేను చూడలేదు, దండ సర్దుకుంటున్నాను. చివరగా వెంకటయ్య గారు నిద్ర లేచి కాలు కింద పెట్టాడు. జీపు ఒళ్లు విరుచుకుని పూర్తిగా పైకి లేచింది. అడ్డవాసం గుంజల మీంచి ఊడి నా జీపు నెత్తినెక్కింది. పందిరి ఆ వైపు పైకి లేవడంతో, టార్పాలిన్‌లో పొద్దున్నుంచీ కూడిన వాన నీళ్లన్నీ ఇటు జారి, దండతో సహా నా మీద పడ్డాయి.

"జీపు కదిలించొద్దు! కదిలిస్తే పందిరి మన మీదుంటుంది!" అని అరిచారు పంతులుగారు. "అలాగే ఉండనివ్వండి. ముందు తాళి!"

అలాగే ఉంచాం. నా జీపు పందిరి మోస్తూ ఉండగా, నేను నీళ్లోడుతూ ఉండగా, సరిగ్గా పదకొండున్నరకి శ్రీను స్వప్న మెడలో తాళి కట్టాడు. అక్షింతలు వేస్తూ యాదగిరి గారు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను గానీ, తడిసి ఉన్నాను కాబట్టి ఎవరూ గుర్తుపట్టలేదు.

భోజనాలయ్యాక అసలు సమస్య వచ్చింది. జీపు బయటికి రావాలంటే కిందికి దిగాలి. కిందికి దిగాలంటే బరువు కావాలి. బంతుల్లోంచి లేచిన ఆ ఇరవై మందినీ బతిమాలి మళ్లీ ఎక్కించాం. పొద్దున ఖాళీ కడుపుతో ఎక్కారు, ఇప్పుడు రెండుసార్లు మారు వడ్డించుకుని ఎక్కారు. జీపు పొద్దుటికన్నా నాలుగు వేళ్లు ఎక్కువ దిగింది. వాసం మళ్లీ గుంజల మీద కూర్చుంది.

యాదగిరి గారు నా భుజం మీద చెయ్యేశాడు. "సారూ, కంప్యూటర్‌ను ఊకె తిట్టిన. అది అన్నం తిన్నంక బరువు లెక్కేసింది."

తెల్లారి లారీ కమాన్లు పీకించేశాను. ఆ జీపు బానెట్ మీద కుడిచెయ్యి పెట్టి చేసిన ప్రమాణం ఇది: ఈ జన్మలో మళ్లీ ఏ జీపుకీ లారీ కమాన్లు వేయించను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని వేయించినా, ముందు ఒక పెళ్లివారి గుంపుని వెతుక్కుని, వాళ్లందరికీ కడుపునిండా భోజనం పెట్టాకే బండి తాళం తిప్పుతాను.