ఒక్క మిషన్‌కే రాసిచ్చిన ఆట

మా ఆయన బొమ్మలు గీస్తాడు, నేను ప్రోగ్రాం రాస్తాను. వనపర్తిలో ఒక కిరాణా దుకాణం పైన అద్దె గదుల్లో ఉండి మేమిద్దరం వీడియో గేములు చేస్తాం. వినేవాళ్లకు నవ్వొస్తుంది, రానివ్వండి. మా వీధిలో నన్ను "సెల్లుల ఆటలు చేసేటామె" అంటారు. అప్పటికి మా ఆట సెల్లులో లేనేలేదు.

చేతిలో పట్టుకుని ఆడుకునే ఒక చిన్న మిషన్ కోసం ఆ ఆట చేస్తుండేవాళ్లం. ఆ మిషన్ తయారుచేసిన కంపెనీ అప్పటికే తడబడుతోంది. మిషన్ కొన్నవాళ్లే కొద్దిమంది. దానికి ఆటలు చేసిచ్చే పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా జారుకున్నాయి.

"మునిగే పడవల సరుకేసుడేంది? నీకేమన్న తిక్క లేసిందా?" అన్నాను.

"పెద్ద అంగడిల అందరు అరుస్తరు, ఎవని మాటా ఇనవడదు. చిన్న అంగడిల ఒక్కడు అరిస్తే అందరు తిరిగి చూస్తరు" అన్నాడు తాపీగా.

మాట బాగానే ఉంది. కానీ ఆట ఖర్చు తిరిగి రాకపోతే ఆయన హైదరాబాద్‌లో వదిలేసొచ్చిన ఉద్యోగానికే మళ్లీ పోవాలి. ఆ ఉద్యోగంలో మనిషి నవ్వడం మానేశాడు, అన్నం ముందు కూర్చుని తినడం మరిచిపోయేవాడు. నాకున్న భయమంతా అదే.

ఆ కంపెనీ ఒప్పందం వచ్చిన రోజు నేను మా అక్క కాన్పుకని నాగర్‌కర్నూల్ దవాఖానలో ఉన్నాను. తిరిగొచ్చి చూస్తే, ఈ ఆటను ఇంకే మిషన్‌కూ, సెల్లుకూ ఇవ్వబోమని సంతకమైపోయింది. పోనీ వాళ్లు పట్టుబట్టారా అంటే అదీ లేదు! ఇష్టముంటేనే టిక్ పెట్టండి అని ఒక గడి వదిలారు. ఈయన పెట్టేశాడు.

"ఎవలడిగిండ్రని పెట్టినవ్?"

"ఒకలకని చేసిన పంట ఇంకొకలకు ఎట్ల ఇస్తమే?"

ఏం చెప్పను? ఆయన పుట్టింది గద్వాల దగ్గర సీడ్ పత్తి పండించే ఇంట్లో. అక్కడ కంపెనీ విత్తనం ఇస్తుంది. రైతు పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసి, పండిన గింజంతా ఆ కంపెనీకే అప్పజెప్తాడు. పక్కకు అమ్మినవాడికి ఊళ్లో మర్యాద ఉండదు. మా మామ బతుకంతా అట్లాగే గడిచింది, ఈయనకూ అదే నీతి ఒంటబట్టింది. ఆటలు చేసేవాళ్లు ఇంకెవరూ చేయని తప్పును మా గద్వాల మనిషి మర్యాద అనుకుని చేశాడు. నేను కోపంతో మూతి ముడుచుకుని తిరిగాను. వంట మాత్రం మానలేదు.

ఆట బయటికొచ్చింది. ఉన్నమాట చెప్పాలి, ఆయన అన్నట్టే అయింది. ఆ మిషన్ ఉన్నవాళ్లు కొత్త ఆటకు మొహం వాచి ఉన్నారు. ఎగబడి కొన్నారు. "మమ్మల్ని మరిచిపోకుండా ఆట చేశారు, సంతోషం" అని ఎవరెవరో రాశారు. వాటిని ఆయన నాకు పైకి చదివి వినిపించేవాడు. ఖర్చు వెనక్కొచ్చింది. కొంత మిగిలింది కూడా.

ఆ తర్వాత అమ్మకం ఆగిపోయింది. కొనాల్సినవాళ్లంతా కొన్నాక ఇంకెవరొస్తారు? కొత్తగా మిషన్ కొనేవాళ్లే లేరాయె. మిగిలింది కూడా ఖర్చయిపోతూ వచ్చింది. ఆయన మళ్లీ హైదరాబాద్ మాట ఎత్తడం మొదలుపెట్టాడు, నా మొహం చూడకుండా.

ఒకరోజు పొద్దున కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మొదటినుంచీ మాతో మాట్లాడే అమ్మాయే. మిషన్ తయారీ ఆపేస్తున్నారట, ఆమె ఉద్యోగం కూడా పోయిందట. మా ఒప్పందం రద్దు చేయించానని, ఆటను ఎక్కడైనా అమ్ముకోండని చెప్పింది. పోతూ పోతూ కూడా మా సంగతి చూసిన ఆ పిల్ల చల్లగా ఉండాలి.

నేను ఎగిరి గంతేశాను. "బతికినం పో! సెల్లులకు పెడదాం, నడువు!"

ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

"జర ఆగు. మనల్ని నమ్మి కొన్నోళ్లున్నరు. గా పిల్ల నౌకరి చూస్తే గట్ల పాయె. గిప్పుడు పక్కకు అమ్ముకుంటే మోసం గాదా?"

కస్సుమందామనుకున్నాను. ఆయన మొహం చూశాక కోపం దిగిపోయింది. పక్కన కూర్చుని, "కొన్నోళ్ల ఆట వాళ్ల కాడ్నే ఉంటది, మిషన్లేమో బందయితున్నయి. మోసం చేయనీకి గాడ ఇంకెవలున్నరయ్యా?" అన్నాను.

ఆయన తలెత్తి నా మొహం చూశాడు.

"అయితే నేను హైదరాబాద్ పోనక్కర్లేదా?"

"పోనక్కర్లేదు" అన్నాను.

రెండు చేతుల్లో మొహం దాచుకుని బోరుమన్నాడు.