ఫ్లూటు చల్లారకుండా

ఫ్లూటు నోటికి ఆనించుకున్న మనిషిని ఎవరూ మాట్లాడమని అడగరు. నా చిన్నప్పుడు నేను దాన్ని నేర్చుకుంటానని పట్టుబట్టడానికి అసలు కారణం అదే. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు సంగీతం మీద ఇష్టమనే చెబుతూ వచ్చాను. ఆ ఇష్టం తర్వాత కలిగింది. మొదట కలిగింది మాత్రం, మా నర్సీపట్నం ఇంటికి చుట్టాలు రాగానే తలుపు వెనక్కి పోయే పిల్లకు ఒక చాటు దొరికిందన్న సంతోషం.

నేర్పింది మా పెద్ద మావయ్య, అమ్మకు అన్నగారు. మద్రాసులో సినిమా పాటల రికార్డింగులకు ఫ్లూటు వాయించేవాడు. వెదురుదీ, వెండిరంగు లోహానిదీ రెండూ వచ్చు. ముందు వరసలుగా వయొలిన్లు, వాటి వెనక ఇద్దరు ఫ్లూటువాళ్లు. ఆ ఇద్దరిలో రెండోవాడు మావయ్య. పాట మొత్తంలో ఆయన వంతుకు వచ్చేది ఏ ఒకటి రెండు ముక్కలో. ఒకసారి పక్కింటి మామ్మగారు ఆయన వాయించిన పాట వినాలని ముచ్చటపడి వచ్చారు. నాన్న క్యాసెట్టు పెట్టాడు. "ఇదిగో, ఇదేనండి" అని మావయ్య వేలెత్తేలోపే ఆ ముక్క దాటిపోయింది.

"అయిపోనాదా నాయనా? దీనికేనా మద్రాసు దాకా ఎల్లేవు?" అన్నారు మామ్మగారు. అందరికంటే గట్టిగా నవ్వింది మావయ్యే.

తొంభైలలో కీబోర్డుల వాడకం పెరిగాక ఆ ముక్కలు కూడా వాటి మీదే వాయించేయడం మొదలైంది. మావయ్యకు పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆయన మా ఇంటికి వచ్చి ముందుగదిలో ఉండిపోయాడు. పొద్దున్నే సాధన చేసుకునేవాడు, నాకు నేర్పేవాడు. కోటవురట్లలో తెలిసినాయన తన ఎరువుల కొట్టులో కూర్చోమంటున్నాడని నాన్న ఒకరోజు మెల్లగా చెప్పాడు. మావయ్య ఆలోచిస్తానన్నాడు. ఆ రోజు సాధన చేయలేదు.

అంతలో విశాఖ నుంచి ఒక పెద్ద ఆర్కెస్ట్రా మా ఊళ్లో ప్రోగ్రాముకు వస్తోందని తెలిసింది. వాళ్ల ఫ్లూటాయన మానేశాడట. మావయ్య గురించి ఎవరో చెబితే, ఆర్కెస్ట్రా నడిపే ఆయనే మా ఇంటికి వచ్చారు. ఈ ఒక్క ప్రోగ్రాము చూస్తాననీ, బాగుంటే తమతో తీసుకుపోతాననీ చెప్పారు. లేకపోతే ఎరువుల కొట్టే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, అమ్మ మావయ్య చొక్కా ఇస్త్రీ చేసి, మడత నచ్చక మళ్లీ చేసింది.

అది మంచు కురిసే కాలం. స్టేజీ కట్టింది ఆరుబయట. పొద్దు వాలగానే ఏజెన్సీ కొండల వైపు నుంచి చలిగాలి మొదలైంది. లోహపు ఫ్లూటు చల్లబడితే శ్రుతి దిగిపోతుంది. అందుకే ఆర్కెస్ట్రాలో ఫ్లూటువాళ్లు తమ వంతు వచ్చేదాకా శబ్దం రాకుండా దాంట్లోకి వెచ్చటి ఊపిరి పంపుతూ కూర్చుంటారు. ఆ సాయంత్రం ముందు పాటలన్నిటికీ వెదురు ఫ్లూటు కావాలి. చివరి పాట మాత్రం లోహపు ఫ్లూటుతో ఒంటరిగా మొదలై, ఆ వెంటనే వయొలిన్లు వచ్చి కలుస్తాయి. శ్రుతి ఏమాత్రం దిగినా ఆ కలిసే చోట అందరికీ తెలిసిపోతుంది. మావయ్యకు ఉన్నది ఒక్క నోరు.

అందుకని నన్ను తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టి లోహపు ఫ్లూటు నా చేతికిచ్చాడు.

"వాయించకు. నోటి ఆవిరి లోపలికి పంపుతుండు, అంతే. ఎవరేటన్నా ఆపకు."

"అందరూ సూస్తారు మావయ్యా" అన్నాను.

"సూడనీ. నోటికాడ ఫ్లూటుంటే నిన్నెవరూ ఏటీ అడగరులే" అన్నాడు. ఆయనకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అడగలేదు గానీ, అన్నారు. మూడో పాటో నాలుగో పాటో నడుస్తుండగా ముందు వరసలోంచి మొదలైంది.

"ఆ పిల్ల ఊదతంది గానీ పలకట్లేదేటి?"

"మైకు పోనాదేమోరా!"

"మైకు కాదెహె, పిల్లకే రాదు. సోకు కోసం కూకోబెట్టారు."

నవ్వులు. మైకుసెట్టాయన నిజంగానే వంగుకుంటూ వచ్చి, నా ముందున్న మైకును తట్టి చూసి వెళ్లాడు. నా చెవులు మండిపోయాయి. ఏడుపు వస్తుంటే ఊపిరి ముక్కలు ముక్కలుగా తెగింది. ఫ్లూటు ఒళ్లో పెట్టేసుకుందామని మావయ్య వైపు చూశాను. ఆయన నా వైపు చూడనే లేదు. కళ్లు మూసుకుని తన పాట తాను వాయించుకుంటున్నాడు. నేను ఆపుతానన్న అనుమానమే లేని మనిషిలా ఉన్నాడు. ముక్కు తుడుచుకుని మళ్లీ ఊపిరి పంపడం మొదలుపెట్టాను.

చివరి పాటకు ముందు ఆయన ఫ్లూటు అందుకుని చెంపకు ఆనించి చూసుకున్నాడు.

"ఇడ్లీ పాత్రలా ఉందే!" అని నవ్వి వాయించడం మొదలుపెట్టాడు. వయొలిన్లు వచ్చి కలిశాయి. ఎక్కడ కలిశాయో నాకు కూడా తెలియలేదు. ఆర్కెస్ట్రా నడిపే ఆయన చెయ్యి ఊపుతూనే ఒకసారి మావయ్య వైపు తిరిగి చూశారు. మర్నాడు వాళ్ల వ్యానులోనే మావయ్య విశాఖ వెళ్లాడు, తర్వాత చాలా ఏళ్లు వాళ్లతోనే ఊళ్లు తిరిగాడు. నాకు మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మామ్మగారైతే "నీ పాటెప్పుడా అని సలిలో ఆకరిదాకా కూకున్నానే" అని నన్నే కోప్పడ్డారు.

ఇప్పుడు నేను చెన్నైలో ఒక ఆర్కెస్ట్రాలో రెండో ఫ్లూటు వాయిస్తున్నాను. ఏసీ హాళ్లలో నా వంతు కోసం చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది. నలుగురిలో నోరు విప్పడానికి నాకు ఇప్పటికీ సమయం పడుతుంది. వంతు కోసం కూర్చున్నంతసేపూ నేను పనిలేకుండా ఉన్నానని మాత్రం అనుకోను. ఆ సాయంత్రం నుంచి నాకు మిగిలింది అదే.

కిందటేడు మా కచేరీ ఒకటి టీవీలో వస్తే, అప్పటికే మంచం పట్టిన మావయ్య పక్కన కూర్చుని అమ్మ చూసిందట. అది అయ్యాక ఆయన ఫోన్ చేశాడు. ఆ తర్వాత మళ్లీ ఆయన గొంతు వినలేదు.

"నీ వంతెప్పుడు, నీ వంతెప్పుడని మీ అమ్మ నన్ను తినేసిందమ్మా. అది ఖాళీగా లేదే, పన్లోనే ఉంది, సరిగ్గా సూడు అని సెప్పాను."