సింహాద్రి మావయ్య ముందుగా అడిగే మాట

సింహాద్రి మావయ్య పోయారన్న కబురు అందేసరికి నేను ఛత్రపూర్ స్టేషన్లో బరంపురం బండి కోసం నిలబడి ఉన్నాను. కోర్టు గుమాస్తాగా ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఎక్కి దిగిన ప్లాట్‌ఫారం అది. "మీ మావయ్య ఇంక లెగలేదురా" అని మాత్రం అత్త ఫోన్లో అంది. బండి వచ్చి వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

ఆయన గురించి పెద్ద మాటలు రాయను. "పొగడ్తకి ఎవుల పేరైనా అతుకుద్ది. ఎకసెక్కెం ఒక్క మనిషికే అతుకుద్ది" అనేవారాయన. ఆయన జీవితమంతా ఆ రెండో పనిమీదే గడిచింది. బరంపురంలో, చికిటిలో, సముద్రం ఒడ్డు ఊళ్లలో తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లంటే వియ్యాలవారి పాటలు కట్టేది ఆయనే. భోజనాల దగ్గర ఒక పక్షంవాళ్లు రెండో పక్షాన్ని ఆటపట్టిస్తూ పాడే పాటలవి. అవి లేని పెళ్లి చప్పగా ఉందంటారు మా వైపు.

పాట కట్టాలంటే ముందు ఆ ఇంటికి వెళ్లాలి. ఎవరిని ఆటపట్టించాలో వాళ్ల వంటింటి గుమ్మంలోనే కూర్చునేవారు. ఎందుకొచ్చారో అందరికీ తెలుసు, అయినా టీ ఇచ్చేవారు. ఆయన మొదట అడిగే మాట ఎప్పుడూ ఒకటే. "ఈ ఇంట్లో ఇప్పుడు లేనోలు ఎవులమ్మా?" దుఃఖం ఎక్కడుందో తెలిస్తేగాని నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియదని ఆయన నమ్మకం.

పోయినేడు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మాట మిగిలింది గాని, పాటకు కావలసిన పదం సమయానికి అందేది కాదు. తన వెనక ఈ పని ఎవరు చేస్తారన్నదే ఆయన దిగులు. మా పిల్లలంతా ఒడియా బడుల్లో చదివారు. తెలుగు మాట్లాడతారు, రాయలేరు.

అలాంటి రోజుల్లో పక్క వీధి గౌరి వచ్చింది. కాలేజీలో చదువుతోంది. స్నేహితురాలి పెళ్లికి ఫోన్లో ఏఐ చేత పాట కట్టించానని, వినమని అడిగింది. తను సగం ఒడియాలో, సగం తెలుగులో చెప్పుకుంటూ పోతే అది తేట తెలుగులో పాట చేసి వినిపించింది. నేర్చుకోకుండా వచ్చిన పాట పాటేనా అని నేనన్నాను. మావయ్య నా వైపు తిరిగారు.

"నాకు మా తాత నేర్పినాడు. ఈ పిల్లకి ఎవులు నేర్పినారు? మనం నేర్పినామేటి?"

పాట వినసొంపుగా ఉందనీ, ఎకసెక్కెమే లేదనీ గౌరితో చెప్పారు. మగపెళ్లివారి ఇంటికి వెళ్లొచ్చావా అని అడిగారు. పెళ్లి మర్నాడేనట, వెళ్లే వ్యవధి లేదంది.

పెళ్లి మగపిల్లవాడి ఊళ్లో, రామయ్యపట్నంలో. సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం. మావయ్యను నేనే తీసుకెళ్లాను. భోజనాల దగ్గర గౌరి, ఆమె స్నేహితురాళ్లు పాట అందుకున్నారు. సముద్రం మిమ్మల్ని ఒళ్లో పెట్టుకుని జోకొట్టాలి అనే చరణం వచ్చేసరికి, తింటున్నవాళ్ల చేతులు ఆగిపోయాయి. పెళ్లికొడుకు తల్లి నూకమ్మ వడ్డిస్తున్న గిన్నె కిందపెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆమె పెద్దకొడుకు వేటకెళ్లి తిరిగి రాలేదు.

గౌరికి ఆ సంగతి తెలియదు. బరంపురంలో పెరిగిన పిల్లకి సముద్రమంటే ఆదివారం సాయంత్రపు షికారు. ఫోనుకూ తెలియదు, దానికి ఎవరూ చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు గౌరి ఏడుస్తూనే ఉంది. కట్టిన పాటలన్నీ ఫోన్లోంచి తీసేస్తానని, ఈ పని తనలాంటివాళ్లది కాదని అంది. గౌరిని మావయ్య 'ఝియా' అని పిలిచేవారు, ఒడియాలో కూతురని. "తప్పు ఫోనుది కాదు ఝియా. అడగాల్సింది అడగనేదు, అంతే. రేపు ఎల్దాం" అన్నారు.

మర్నాడు ముగ్గురం నూకమ్మ వంటింటి గుమ్మంలో కూర్చున్నాం. గౌరి క్షమించమంది. నూకమ్మ చేపలు తోముతూనే ఉంది. మావయ్య గౌరి వైపు చూశారు. అప్పుడు గౌరి, మీ పెద్దబ్బాయి ఎలాంటివాడని అడిగింది.

చేపలు పక్కకు జరిపి నూకమ్మ మొదలుపెట్టింది. తమ్ముణ్ని తెగ ఏడిపించేవాడట. ఎంత కెరటానికీ తొణకని తమ్ముడు బరంపురం బస్సెక్కితే చాలు, కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుతాడట.

"'నీకు పెల్లయితే అత్తోరింటికి తెప్పేసుకునే ఎల్లాల్రా' అనీవోడు మా పెద్దోడు" అని నూకమ్మ నవ్వింది. నవ్వి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు దించి, "అది కట్టు పిల్లా. ఆడి మాటే కట్టు" అంది.

గౌరి ఆ పాటను కూడా ఫోనుతోనే కట్టింది. ఫోను 'నౌక' అంటే కాదని 'తెప్ప' చేసింది. కొత్త దంపతులు నూకమ్మతో కలిసి బరంపురంలో ఆడపెళ్లివారింటికి వచ్చిన రోజున పాడారు. పెళ్లికొడుకు బస్సులోనే వచ్చాడు, ప్రయాణం ఎలా సాగిందో మొహమే చెబుతోంది. అందరికంటే ముందు నవ్వింది నూకమ్మ.

ఆ సాయంత్రం మావయ్య నాతో అన్నారు: "రాయడం రాదని ఇన్నాల్లూ ఎంతమంది ఊరుకున్నారో సూడు. ఆలకి ఈ ఫోను నోరిచ్చింది. నాకు సంతోషవే. సెవి మాత్రం ఎవులిది ఆలే తెచ్చుకోవాల."

పాట కట్టే విద్య ఇప్పుడు అందరికీ అందిపోయిందా అని ఎవరైనా అడిగితే, అందరి సంగతీ నాకు తెలియదు. గౌరికి అందింది. సగం ఫోను వల్ల, సగం ఆ గుమ్మం వల్ల. ఫోను అందరి దగ్గరా ఉంది. ఆ గుమ్మం దాకా చెయ్యి పట్టుకు తీసుకెళ్లే మనిషి మాకు ఒక్కరే ఉండేవారు.

మావయ్య కూతురి కూతురి పెళ్లి మాఘంలో నిశ్చయమై ఉంది. వాయిదా వేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. మమ్మల్ని ఆటపట్టించే పాట కట్టమని మగపెళ్లివారు గౌరినే అడిగారట. కర్మలు ముగిశాక నిన్న వచ్చి, మా వంటింటి గుమ్మంలో కూర్చుంది. ఫోను బయటికి తియ్యలేదు.

"ముందు అడగాల్సింది అడగవేటే?" అంది అత్త.

గౌరి తల దించుకునే అడిగింది, ఈ ఇంట్లో ఇప్పుడు లేనివాళ్లెవరని.

కాపురానికొచ్చిన నాటినుంచీ భర్త పేరు పలకని మా అత్త, "సింహాద్రి" అంది. పొయ్యి మీది గిన్నె దించి, మళ్లీ అంది: "నా పులుసు కోసం ఉప్పంతా నేనే సముద్రంలోంచి తెచ్చేసినాననీవోరు. అది కట్టు."

మాఘంలో ఆ పాట పాడతారు, మేం నవ్వుతాం. అందరికంటే ముందు నవ్వవలసిన మనిషి ఆ పంక్తిలో ఉండరు.