మేకల కోసం వచ్చిన అవ్వ

మా యూనివర్సిటీ వర్క్‌షాప్ ముందు "మేకర్‌స్పేస్ - అందరికీ ప్రవేశం" అని బోర్డు పెట్టిన మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. రెండో ఆదివారం ఒక అవ్వ వచ్చింది. గుమ్మంలో నిలబడి లోపలంతా కలియజూసింది.

"మేకలిస్తాండారంట కదమ్మా. యాడుండాయి?" అంది.

నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, బోర్డు మీద ఏముందని ఎవరో అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ "మేకల స్పేసు" అని చదివి చెప్పాడట. ఆ మాట అవ్వ ఉండే కాలనీకి చేరేసరికి యూనివర్సిటీవాళ్లు మేకలు పంచుతున్నారని అయింది.

"మేకల్లేవవ్వా. ఇది వర్క్‌షాప్."

"లేవా? పోనీలే. ఎండ మండిపోతాండాది, రోంతసేపు కూకుంటా" అని ఫ్యాను కింద బల్ల మీద కూర్చుంది.

నేను చదివిందీ ఆ వర్క్‌షాప్‌లోనే, ఇప్పుడు పాఠాలు చెప్పేదీ అక్కడే. ప్రతి ఏడూ పిల్లలు అదే ఇనప ముక్కను ఆకురాయితో రాస్తారు, అదే చెక్కను కోసి అతుకుతారు. మార్కులు పడ్డాక అవన్నీ మూల కుప్పలోకి పోతాయి. సెలవుల్లో లేత్ మిషన్లు గుడ్డ కప్పుకొని పడుకుంటాయి. ఊళ్లో ఇంతమందికి ఇన్ని అవసరాలుంటే ఈ మిషన్లకు ఈ నిద్రేమిటని పైవాళ్ల చుట్టూ తిరిగి, ఆదివారాలు తెరవడానికి అనుమతి తెచ్చుకున్నాను. ఒక్కటే షరతు పెట్టారు, ఇన్‌స్ట్రక్టర్ దగ్గరుండాలి.

ఆ ఇన్‌స్ట్రక్టర్ నాకు రంపం పట్టడం నేర్పిన సారే. తాళాల గుత్తి నడుముకే ఉంటుంది. బయటివాళ్లు పనిముట్లు ముట్టుకోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. "సుత్తి అడుక్కోని పోయినోడు మళ్లా మొగం చూపిచ్చినాడామ్మా ఎప్పుడన్నా?" అనేవాడు. ఆ రోజూ ఒక మూల కుర్చీ వేసుకొని పేపరు చదువుతున్నాడు.

"మరి ఈడేం చేస్తారు?" అంది అవ్వ.

"ఎవరికి కావలసింది వాళ్లు చేసుకోవచ్చవ్వా. మేం నేర్పిస్తాం."

"నాకు మోకాళ్లు కావల్ల. చేస్తారా?"

పేపరు వెనకనుంచి సారు గొంతు వినిపించింది. "మోకాళ్లు స్టోర్‌లో అయిపోయినాయక్కా."

అవ్వ పగలబడి నవ్వింది. తర్వాత సంగతి చెప్పింది. ఆమె చెనక్కాయ చేలల్లో కూలికి పోతుంది. వాన మొహం చాటేస్తే నేల బిగుసుకుపోతుంది. చెట్టు పీకితే చెట్టొక్కటే పైకి వస్తుంది, కాయలు లోపలే ఉండిపోతాయి. గొంతుక్కూచుని తవ్వుకుంటూ ముందుకు జరగాలి. సాయంత్రానికి ఇద్దరు పట్టుకొని లేపితే గానీ లేవలేదు.

"ఇంట్లో ఉండొచ్చు కదవ్వా?"

"ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడుతాది. చేన్లో అయితే అందరం మాట్లాడతాం" అంది.

నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. పాత కుర్చీ చక్రాలు నాలుగు తీసి పీటకు బిగించాను. సిమెంటు గచ్చు మీద అవ్వ ఆ మూలనుంచి ఈ మూలకు జర్రున జారి, చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. మరుసటి ఆదివారం పీటను నెత్తిన పెట్టుకొని తిరిగొచ్చింది.

"నీ బండి భూమిలోకి దిగబడిపోయిందమ్మా. చెనక్కాయలిడిసి దాన్నే తవ్వి తీసినాం."

సారు పేపరు మడిచి లేచాడు. ఇంత చిన్న చక్రాలు పెడితే దిగబడవా అని నా మీద విసుక్కుని, పిల్లల సైకిలు చక్రాలు తెచ్చి ఆయనే వెల్డింగ్ చేశాడు. ఆ బండి చేన్లో సాళ్లకు అడ్డంగా పోతూ ఒక పక్కకు ఒరిగింది. అవ్వ వెల్లకిలా పడిపోయింది. దెబ్బేం తగల్లేదు.

"పండుకోని చూస్తే ఆకాశం బాగనే ఉండాదిలేప్పా" అని ఆదివారం వచ్చి ఆమె సారునే ఓదార్చింది.

సారు తర్వాతి ఆదివారం నాకంటే ముందే వచ్చి, బల్ల మీద ఒక పొట్టి పీట, రెండు బెల్టులు పెట్టుకొని కూర్చున్నాడు.

"చక్రాలొద్దు. పీటను నడుముకే కడదాం. ఆమె యాడికి పోతే అదీ ఆడికే పోతాది."

"ఎట్లా తట్టింది సార్?"

"ఇంట్లో మా ఆమె పీట మీంచి లేసింది. చీర మేకుకు తగులుకోని పీట గూడా ఎంబడే లేసొచ్చింది. నేను నవ్వినా, ఆమె తిట్టింది. అప్పుడు తట్టింది."

కానీ తెచ్చింది నమూనాకేనని, అవ్వ పీట తను చేసివ్వనని అన్నాడు. అవ్వే కొయ్యాలన్నాడు. వర్క్‌షాప్‌లో బూట్లు లేకుండా మిషన్ల దగ్గరికి రానివ్వడు కాబట్టి అవ్వ మనవడి స్కూలు బూట్లు వేసుకొచ్చింది. ఆమె రంపం లాగుతుంటే పక్కన నిలబడి, "రంపం మీద కోపం చూపియ్యొద్దక్కా, దాని దోవన దాన్ని పోనీ" అంటున్నాడు. మొదటి ఏడు నాకూ ఇదే మాట చెప్పాడు. అంత మెత్తగా మాత్రం చెప్పలేదు.

పీట వెనక వేలాడుతుంటే అవ్వకు తోక మొలిచినట్టు ఉండేది. చేన్లో ఆడవాళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నవ్వారట. "నవ్వనీలే. వాళ్లు గొంతుక్కూకోని నవ్వినారు, నేను కూకోని నవ్వినా" అంది.

తర్వాత్తర్వాత ఆ నవ్వినవాళ్లే ఒక్కొక్కరుగా వచ్చారు. అవ్వ పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం అక్క కత్తిరింపు ముక్కలతో పీటలకు మెత్తలు కుట్టి తెచ్చి, తనకు మిషను కింద కాళ్లు ఆన్చుకునే పీట కావాలంది. వాచ్‌మన్ తన కూతురికి చదువుకునే బల్ల చేసుకున్నాడు. మధ్యలో ఒక ఉలి పోయింది. ఎవరు పట్టుకుపోయారో ఇప్పటికీ తెలియదు. "నేను చెప్పలా?" అని సారు చాలా రోజులు మూతి ముడుచుకున్నాడు గానీ, ఆదివారం తాళం తీయడం మాత్రం మానలేదు.

పీట అవ్వ మోకాళ్లను బాగు చేయలేదు. పోయిన ఏడు నుంచి ఆమె కూలికి పోవడం లేదు. ఆదివారం మాత్రం మనవడి బండెక్కి వర్క్‌షాప్‌కు వస్తుంది. ఇక్కడ మాట్లాడేవాళ్లున్నారు మరి. సారు రిటైరయ్యాడు, ఆయనా వస్తాడు.

మొన్న ఆదివారం చేలనుంచి ఆడవాళ్లు పచ్చి చెనక్కాయలు తెచ్చారు. కమ్మరి పనికి పెట్టిన కొలిమి ఖాళీగా ఉంటే దాని మీద డేగిసా ఎక్కించి, ఉప్పేసి ఉడకబెట్టాం. అందరం గచ్చు మీద చుట్టూ కూర్చుని ఒలుచుకు తిన్నాం. సారు ఒక చేత్తో కాయలు తింటూ, ఇంకో చేత్తో చీపురు పట్టుకొని, తొక్కలు లేత్ కిందికి పోతున్నాయని అందరినీ పేరుపేరునా తిడుతూ తిరిగాడు.